గూగుల్ డాక్స్ రెజ్యూమ్ టెంప్లేట్లు: ఇంటర్ అయిపోయిన పిల్లలకి పనికొస్తాయా? నా రివ్యూ

ఇంటర్ పాసయ్యి, డిగ్రీలో చేరుతూనో చేరకుండానో చిన్న జాబ్ వెతుక్కుంటున్న పిల్లలు మా చుట్టాల్లోనే చాలామంది ఉన్నారు, అందరిదీ ఒకటే ప్రశ్న, "అక్కా, రెజ్యూమ్‌లో ఏం రాయాలి, నాకేం ఎక్స్‌పీరియన్స్ లేదు కదా" అని. అందుకే ఈ రివ్యూ రాస్తున్నా. ప్రోడక్ట్ వచ్చేసి గూగుల్ డాక్స్‌లో ఫ్రీగా వచ్చే రెజ్యూమ్ టెంప్లేట్లు. మా పిన్ని కూతురికి వీటితోనే చేసేం. వాళ్ళు విశాఖపట్నంలో కంచరపాలెంలో ఉంటారు, పిల్ల ఇంటర్‌లో సీఈసీ (సివిక్స్, ఎకనామిక్స్, కామర్స్) చదివింది. నేనేమో బీచ్ రోడ్డులో ఒక హోటల్ ఫ్రంట్ ఆఫీస్‌లో పనిచేస్తున్నా, వాక్-ఇన్ ఇంటర్వ్యూలు పెట్టినప్పుడు వచ్చే రెజ్యూమ్‌లన్నీ ముందు మా డెస్క్ మీదకే వస్తాయి, వాటిని సర్ది పైకి పంపేది మేమే, కాబట్టి ఇటు రాసే పిల్లల ఇబ్బంది, అటు చదివేవాళ్ళ అవస్థ రెండూ రోజూ చూస్తూనే ఉంటా.

రేటింగ్ ముందే చెప్పేస్తున్నా, 5కి 4. ఆ ఒక్క మార్కు ఎందుకు కోసేనో కిందకి చదివితే తెలుస్తుంది.

అసలు దీని దాకా ఎందుకొచ్చేమంటే, మా చెల్లి మొదట ద్వారకానగర్ వైపు ఒక నెట్ సెంటర్‌కి వెళ్ళి 150 రూపాయలిచ్చి రెజ్యూమ్ చేయించుకొచ్చింది. షాపు పేరు చెప్పను, ఇలాంటివి ఊరంతా ఉన్నాయి. ఆ పేపర్ చూసేసరికి నాకు ఒళ్ళు మండింది. పైన పెద్దక్షరాల్లో కరిక్యులమ్ వీటే, దాని కింద రెప్యూటెడ్ ఆర్గనైజేషన్‌లో ఛాలెంజింగ్ పొజిషన్ కావాలి అనే ఆ పాత ఆబ్జెక్టివ్, తర్వాత తండ్రి పేరు, మతం, మ్యారిటల్ స్టేటస్, ఆధార్ నెంబరు పూర్తిగా, చివర డిక్లరేషన్. స్కిల్స్ దగ్గర చూస్తే ఆటోక్యాడ్ అని ఉంది! అది ఇంజనీరింగ్ డ్రాయింగులు గీసే సాఫ్ట్‌వేర్, సీఈసీ పిల్లకి ఆటోక్యాడ్ ఏటి? ముందు వచ్చిన ఎవరో డిప్లొమా అబ్బాయి ఫైల్ ఓపెన్ చేసి పేరూ మార్కులూ మార్చి ప్రింట్ తీసి ఇచ్చేసేరు. చెల్లి గమనించలేదు, ఇంగ్లీషులో ఏదో గొప్పగా ఉంది కదా అనుకుంది పాపం. మళ్ళీ వెళ్ళి అడిగితే మార్పులకి ఇంకో 50 అన్నారంట, వర్డ్ ఫైల్ ఇమ్మంటే ఇవ్వరంట. ఇక్కడే నాకు పట్టుదల వచ్చింది, పిల్ల రెజ్యూమ్ పిల్ల చేతిలో ఉండాలి, ఎప్పుడు కావాలంటే అప్పుడు తనే మార్చుకునేలా ఉండాలి అని.

గూగుల్ డాక్స్‌లో ఉన్న పెద్ద ప్లస్ అదే. జీమెయిల్ అకౌంట్ ఉంటే చాలు, పైసా కట్టక్కర్లేదు, ఫైల్ మన గూగుల్ డ్రైవ్‌లోనే ఉంటుంది, ఫోన్ పోయినా ఫైల్ పోదు. కంప్యూటర్‌లో అయితే డాక్స్ ఓపెన్ చెయ్యగానే పైన టెంప్లేట్ గ్యాలరీ అని ఉంటుంది, ఫోన్ యాప్‌లో ప్లస్ గుర్తు నొక్కితే టెంప్లేట్ ఎంచుకోమని అడుగుద్ది. రెజ్యూమ్‌కి స్విస్, సెరిఫ్, కోరల్, స్పియర్‌మింట్, మోడరన్ రైటర్ అని ఉన్నాయి. పేర్లు చూసి కంగారు పడొద్దు, తేడా అంతా ఫాంటూ రంగూ అమరికలోనే. మేం ముందు సెరిఫ్ తీసుకున్నాం, చూడ్డానికి బావుంది, ఎడమవైపు ఎక్స్‌పీరియన్స్, ఎడ్యుకేషన్, ప్రాజెక్ట్స్, కుడివైపు సన్నగా స్కిల్స్, అవార్డ్స్, లాంగ్వేజెస్. కానీ అది లోపల టేబుల్‌తో కట్టింది, ఫోన్లో ఎడిట్ చేస్తుంటే ఒక లైన్ పెంచితే ఇంకోటి జరిగిపోతుంది, మా చెల్లికి విసుగొచ్చేసింది. అందుకని స్పియర్‌మింట్‌కి మారేం, ఆకుపచ్చ హెడింగులతో పైనుంచి కిందకి ఒకే వరస, ఫోన్లో కూడా హాయిగా టైప్ చేసుకోవచ్చు. నా సలహా అడిగితే ఫోన్ మీదే చేసుకునే పిల్లలు ఒకే వరస ఉన్నదే తీసుకోండి. పెద్ద కంపెనీలకి ఆన్‌లైన్లో అప్లై చేస్తే ముందు సాఫ్ట్‌వేరే చదువుతుంది చాలాసార్లు, దానిక్కూడా ఒకే వరస ఉంటేనే సుఖం. మీది సరిగ్గా ఉందో లేదో చూసుకోవాలంటే పీడీఎఫ్ ఓపెన్ చేసి మొత్తం సెలెక్ట్ చేసి కాపీ కొట్టి, వాట్సాప్‌లో మీకు మీరే మెసేజ్ పంపుకోండి, అక్కడ లైన్లు వరసగా వస్తే ఓకే, కలగాపులగంగా వస్తే మెషీన్‌కి కూడా అలాగే కనబడుద్ది.

ఇప్పుడు అసలు విషయం. టెంప్లేట్ తెరవగానే పేరు, అడ్రస్ కింద మొట్టమొదటి పెద్ద హెడింగ్ ఎక్స్‌పీరియన్స్. కంపెనీ పేరు, ఊరు, జాబ్ టైటిల్, ఏ నెల నుంచి ఏ నెల దాకా అని ఖాళీలు. అలాంటివి ఒకటి కాదు వరసగా ఉంటాయి. పదిహేడు, పద్దెనిమిదేళ్ళ పిల్ల అది చూసి ఏమనుకుంటుంది చెప్పండి? మా చెల్లి ఫోన్ పక్కన పడేసి "నాకివేవీ లేవక్కా, ఇది నా కోసం కాదు" అనేసింది. నేను మార్కు కోసింది దీనికే. పదేళ్ళు ఉద్యోగం చేసినవాళ్ళని మనసులో పెట్టుకుని కట్టిన ఫారం ఇది, స్కూలు నుంచి ఇప్పుడే బయటికొచ్చిన పిల్లలకి విడిగా ఒకటి ఎందుకు పెట్టలేదో నాకర్థం కాదు. అంత పెద్ద కంపెనీకి ఇంకో టెంప్లేట్ పెట్టడం పెద్ద పనేం కాదు కదా.

కానీ ఆ హెడింగులు రాతి మీద చెక్కినవేం కాదు, మార్చుకోవచ్చు, తీసేయొచ్చు, కిందకి లాగొచ్చు. మేం చేసింది ఏటంటే ఎడ్యుకేషన్ పైకి తెచ్చేం, ఎక్స్‌పీరియన్స్ అనే మాట తీసేసి చేసిన పనులు అనే అర్థం వచ్చేలా వర్క్ అండ్ యాక్టివిటీస్ అని పెట్టేం. అంతే, పిల్ల మొహం మారిపోయింది. పనులు అంటే ఎన్ని లేవు!

మా బాబాయిది కిరాణా కొట్టు. చెల్లి టెన్త్ నుంచి సాయంత్రాలు అక్కడే కూర్చుంటుంది. "ఏం చేస్తావే అక్కడ" అంటే "ఏం లేదక్కా, ఊరికే కూర్చుంటా" అంటుంది. ఊరికే ఎవరు కూర్చోనిస్తారు కొట్లో? అందుకని నేను ఒక్కొక్కటీ అడుక్కుంటూ పోయేను. డబ్బులు ఎవరు తీసుకుంటారు? నేనే. ఫోన్‌పే చేస్తే వచ్చిందో లేదో ఎలా చూస్తావు? సౌండ్ బాక్స్ మోగకపోతే యాప్‌లో చూస్తా, కస్టమర్ స్క్రీన్‌షాట్ చూపించినా నమ్మను. రాత్రి లెక్క ఎవరు కడతారు? నాన్న క్యాష్ లెక్కపెడతారు, నేను యూపీఐ మొత్తం చూసి నోట్‌బుక్‌లో రాసి రెండూ కలుపుతా. సరుకు అయిపోతే? అయిపోయేవి లిస్టు రాసి సేల్స్‌మేన్ వచ్చినప్పుడు ఆర్డర్ ఇస్తా, పాలు, పెరుగు డేట్ చూసి పాతవి ముందుకి పెడతా. ఎవరైనా గొడవ పెట్టుకుంటే? ఒకావిడ రోజూ చిల్లర తక్కువిచ్చేవని అరిచీది, అప్పట్నుంచి చిల్లర ఆవిడ ముందే లెక్కపెట్టి ఇస్తున్నా, ఇంక అరవట్లేదు.

చూసేరా మరి? ఇది ఊరికే కూర్చోడమా! క్యాష్ హ్యాండ్లింగ్, డిజిటల్ పేమెంట్స్, స్టాక్ చూసుకోడం, కస్టమర్ కంప్లైంట్ సర్దుకోడం, షోరూముల వాళ్ళు, హోటళ్ళ వాళ్ళు సరిగ్గా ఇవే అడుగుతారు. మా దగ్గర డెస్క్ మీద కూర్చునేవాళ్ళు నైట్ షిఫ్ట్ చివర చేసే పని కూడా అదే, క్యాషూ కార్డూ యూపీఐ విడివిడిగా చూసి టాలీ చెయ్యడం. రెజ్యూమ్‌లో ఇలా పెట్టేం: ఫ్యామిలీ గ్రోసరీ స్టోర్, కంచరపాలెం, విశాఖపట్నం, పార్ట్ టైమ్, 2023 నుంచి ఇప్పటిదాకా. దాని కింద మూడే మూడు లైన్లు, హ్యాండిల్డ్ క్యాష్ అండ్ యూపీఐ పేమెంట్స్ అండ్ టాలీడ్ డెయిలీ సేల్స్ అని ఒకటి, స్టాక్ గురించి ఒకటి, కస్టమర్ల గురించి ఒకటి. మేనేజర్ అని రాయలేదు, క్యాషియర్ అని కూడా రాయలేదు, సొంత కొట్టే అని దాచలేదు. దాచక్కర్లేదు కూడా, ఇంటి వ్యాపారంలో చేసిన పని కూడా పనే.

కొట్టు లేని ఇళ్ళ పిల్లలు నిరాశ పడకండి. ఎన్‌సీసీ చేసి ఏ సర్టిఫికెట్ ఉంటే అది రాయండి, ఎన్‌ఎస్‌ఎస్ ఉంటే రాయండి. పక్కింటి పిల్లలకి ట్యూషన్ చెప్పేరా, ఎంతమందికి, ఏ క్లాసు, ఏ సబ్జెక్టు అని రాయండి. సింహాచలం గిరిప్రదక్షిణ రోజు 32 కిలోమీటర్లూ జనం నడుస్తుంటే మాధవధార దగ్గర మజ్జిగ స్టాల్లో నిలబడ్డ పిల్లలు నాకు తెలుసు, అది వాలంటీర్ పని, గంటలకొద్దీ జనాన్ని చూసుకున్న పని. బీచ్ క్లీనింగ్‌కి వెళ్ళేరా, కాలేజీ ఫేర్‌వెల్‌కి డబ్బులు వసూలు చేసి లెక్క అప్పజెప్పేరా, ఇంట్లో తాతగారిని కేజీహెచ్ అనే పెద్ద గవర్నమెంట్ ఆసుపత్రికి తీసుకెళ్ళి ఓపీ చీటీ నుంచి మందుల దాకా మీరే చూసేరా (ఇది రెజ్యూమ్‌లో కాదు గాని ఇంటర్వ్యూలో బాధ్యత గురించి అడిగితే చెప్పుకోవచ్చు). ఒక చిట్కా, ఇంగ్లీషులో మొదలుపెట్టకండి. ఫోన్లో జీబోర్డ్ (గూగుల్ కీబోర్డ్) మీద మైక్ నొక్కి తెలుగులో నోటికొచ్చినట్టు మాట్లాడెయ్యండి, అది టైప్ చేసుకుంటుంది, తర్వాత అందులోంచి పనికొచ్చినవి ఏరుకుని ఇంగ్లీషు లైన్లు చేసుకోండి. ఇంగ్లీషులో ఆలోచిస్తూ కూర్చుంటే హార్డ్‌వర్కింగ్, సిన్సియర్, పంక్చువల్ తప్ప ఏం రావు, అవి మా డెస్క్ మీదకొచ్చే ప్రతి పేపర్ మీదా ఉంటాయి.

చదువు దగ్గర పెద్ద కథ అక్కర్లేదు. ఇంటర్ పైన, టెన్త్ కింద, కాలేజీ పేరు, గ్రూపు, పాసైన సంవత్సరం, మార్కులు. మార్కులు ఇంటర్‌కి 1000కి ఇన్ని, టెన్త్‌కి 600కి ఇన్ని అని రాయొచ్చు లేదా పర్సెంటేజ్, ఏదో ఒకటి, రెండింటికీ ఒకేలా. పేరు మాత్రం టెన్త్ మెమో మీద ఎలా ఉందో అదే స్పెల్లింగ్, ఇంటిపేరుతో సహా. తర్వాత జాయినింగప్పుడు ఆధార్‌లో ఒకటి, మెమోలో ఒకటి, రెజ్యూమ్‌లో ఇంకోటి ఉండి తిప్పలు పడ్డవాళ్ళని చూసేను.

భాషలు తప్పకుండా పెట్టండి, అది మన ఊర్లో చిన్న విషయం కాదు. నేవీ, పోర్టు, స్టీల్ ప్లాంట్ ఉన్న ఊరు, దేశం నలుమూలల జనం ఉంటారు, హోటల్‌కొచ్చే టూరిస్టుల్లో ఒడిశా, బెంగాల్ వాళ్ళు ఎక్కువ. హిందీ మాట్లాడగలిగితే రాయండి, ఒడియా వస్తే ఇంకా మంచిది. చదవడం రాయడం రాకుండా మాట్లాడ్డం ఒక్కటే వస్తే అలాగే రాయండి, ఎదురుగా ఎలాగూ మాట్లాడించి చూస్తారు.

కాన్వా అనే డిజైన్ యాప్‌తో పోల్చమని అడుగుతారని తెలుసు. కాన్వాలో డిజైన్లు చాలా అందంగా ఉంటాయి, పోస్టర్లకీ ఇన్విటేషన్లకీ నేనూ వాడతా. రెజ్యూమ్‌కి మాత్రం వద్దంటా. ఒక పక్కంతా ముదురు నీలం రంగు పట్టీ, అందులో తెల్లక్షరాల్లో ఫోన్ నెంబరు ఉంటుంది, దాన్ని జిరాక్స్ షాపులో బ్లాక్ అండ్ వైట్ ప్రింట్ తీస్తే ఆ పట్టీ నల్లగా అలుక్కుపోయి నెంబరే కనపడదు. మా డెస్క్ మీదకి అలాంటివి వచ్చేయి, పిల్లకి ఫోన్ చేద్దామంటే సున్నానో ఎనిమిదో తెలీదు. ఇంకోటి, ఎక్సెల్ 80 శాతం, కమ్యూనికేషన్ 90 శాతం అని గీతలు. ఎక్సెల్ 80 శాతం అంటే ఏమని అర్థం చేసుకోవాలి? సమ్ ఫార్ములా వచ్చు, ఫిల్టర్ పెట్టడం వచ్చు అని రాస్తే నాకు వెంటనే తెలుస్తుంది. గూగుల్ టెంప్లేట్లలో ఈ గీతలూ బొమ్మలూ లేవు, అది నాకు చాలా నచ్చింది.

చాట్‌జీపీటీతో రాయించుకోవడం గురించి కూడా ఒక మాట. గ్రామర్ సరిచూసుకోడానికి వాడండి, తప్పులేదు. మొత్తం అదే రాస్తే మాత్రం పిల్లకి నోరు తిరగని పదాలు వస్తాయి. మా దగ్గర ఒకబ్బాయి రెజ్యూమ్‌లో ఉన్న లైన్ చదివి ఇదేంటి బాబూ అని మా సారు అడిగితే ఆ అబ్బాయి తలొంచుకున్నాడు, మంచి పిల్లాడు, పని చేసేవాడే, కానీ ఆ ఒక్క క్షణంలో ధైర్యం పోయింది. నాకు చాలా బాధేసింది ఆరోజు. మీ రెజ్యూమ్‌లో ప్రతి లైన్ గురించీ తెలుగులో రెండు నిమిషాలు మాట్లాడగలిగితేనే ఉంచండి.

గూగుల్ టెంప్లేట్లో ఫోటో ఉండదు, తండ్రి పేరు ఉండదు, పుట్టిన తేదీ ఉండదు. అమెరికాలో పద్ధతి అది, నాకు అదే సబబు అనిపిస్తుంది. కానీ మన ఊర్లో చిన్న షాపులు, జగదాంబ దగ్గర బట్టల షోరూములు, కొన్ని ఆసుపత్రులు బయోడేటా తెమ్మంటారు, అందులో ఇవన్నీ అడుగుతారు. దానికి విడిగా ఒక పేపర్ చేసి పెట్టుకోండి, అడిగినచోట అది ఇవ్వండి, రెండూ కలిపేయొద్దు. ఆధార్ నెంబరు మాత్రం ఎందులోనూ రాయొద్దు, జాబ్ ఖాయమయ్యాక అడిగితే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి, ఆధార్ ఇచ్చే సంస్థ యూఐడీఏఐ సైట్‌లోనే డౌన్‌లోడ్ అవుద్ది, చివరి నాలుగంకెలే కనబడతాయి. రెజ్యూమ్ అనేది ఎన్ని చేతులు మారుతుందో మీకు తెలీదు. ఇంటి అడ్రస్ కూడా డోర్ నెంబరుతో అక్కర్లేదు, కంచరపాలెం, విశాఖపట్నం అంటే చాలు, ముఖ్యంగా ఆడపిల్లలు.

ఇంకో మైనస్, టెంప్లేట్ నిండా అర్థం లేని లాటిన్ మాటలు ఉంటాయి, లోరెమ్ ఇప్సమ్ అని మొదలవుతాయి, ఊరికే చోటు నింపడానికి పెట్టినవి. నింపగా మిగిలినవి అలాగే ఉండిపోతాయి చివర్లో. పంపే ముందు ఇంట్లో ఇంకెవరితోనైనా చదివించండి, రాసినవాళ్ళ కంటికి అవి కనబడవు. ఫైల్ పేరు కూడా చూసుకోండి, టెంప్లేట్‌తో చేస్తే దానంతటదే రెజ్యూమ్ అని పడుతుంది, మా మెయిల్‌కి ఒకే పేరుతో బోలెడు ఫైళ్ళు వస్తాయి, ఎవరిది ఏదో వెతుక్కోవాలి. మీ పేరూ, అప్లై చేసే పోస్టూ పెట్టండి. కంప్యూటర్లో ఫైల్, డౌన్‌లోడ్, పీడీఎఫ్ అని నొక్కి పీడీఎఫ్ తీసే పంపండి, డాక్స్ లింక్ పంపొద్దు, అవతలివాళ్ళు తెరిస్తే పర్మిషన్ అడగమంటుంది, ఎవరూ అడగరు, తర్వాతి రెజ్యూమ్‌కి వెళ్ళిపోతారు. ఒక్క పేజీ దాటనివ్వకండి, ఈ వయసుకి ఒక్క పేజీ సరిపోతుంది.

మా చెల్లి దాన్ని పట్టుకుని మద్దిలపాలెం వైపు ఒక షోరూమ్‌లో ఇచ్చింది, ఇంటర్వ్యూకి పిలిచేరు, అడిగిన మొదటి ప్రశ్న కిరాణా కొట్టు గురించే, చిల్లర ఆవిడ కథ చెప్పిందంట. ఇంకా ఫలితం చెప్పలేదు, చూద్దాం. ఈలోపు నేషనల్ కెరీర్ సర్వీస్ సైట్‌లో కూడా రిజిస్టర్ చేయించేం, అది కేంద్ర కార్మిక శాఖది, ఫ్రీ. కంచరపాలెంలో ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజ్ ఎలాగూ ఇంటికి దగ్గరే, జాబ్ మేళాలు పెడుతుంటారు, ఈ రెజ్యూమ్ కాపీలు నాలుగైదు పట్టుకెళ్తే చాలు. రిజిస్ట్రేషన్ ఫీజు కట్టు, జాబ్ ఇప్పిస్తాం అని ఎవరైనా ఫోన్ చేస్తే కట్ చేసెయ్యండి.

ప్రింట్ మాత్రం బయటే తీయించాలి కదా, అక్కడ ఒక జాగ్రత్త. పెన్‌డ్రైవ్‌లో ఇచ్చినా, షాపు వాట్సాప్‌కి పంపినా, పని అవ్వగానే ఫైల్ డిలీట్ చెయ్యమని అడిగి, వాళ్ళు చేసేదాకా అక్కడే ఉండండి. మొహమాటం వద్దు. మా చెల్లి ఆటోక్యాడ్ రెజ్యూమ్ ఎవరి ఫైల్‌లోంచి వచ్చిందో గుర్తుందిగా, ఆ అబ్బాయి ఫోన్ నెంబరు, ఆధార్ ఇప్పటికీ ఆ సిస్టమ్‌లోనే ఉండుంటాయి.